ఓడిపోతున్న కబడ్డీ జట్టులో డిఫెన్స్ ఎక్కడ తెగుతోందో తేల్చే పద్ధతి

సంక్రాంతి పోటీలు ముగిసేసరికి తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మొదటి రౌండులోనే ఓడి వచ్చిన జట్లు చాలానే ఉంటాయి. వాటిలో వినిపించే మాట ఒకటే: "మన డిఫెన్స్ బాలేదు." ఈ మాట పట్టుకుని కోచ్ ఏం చేయగలడు? లెఫ్ట్ కార్నర్‌కు (వరసలో ఎడమ చివర నిలబడేవాడికి) కాలు పట్టడం రావట్లేదా, పట్టినా కవర్ (కార్నర్‌కు లోపలి వైపు నిలబడి సాయం రావాల్సినవాడు) అందుకోవట్లేదా, ఇద్దరూ బాగానే ఉన్నా మన రైడర్లు (కూతకు వెళ్లేవాళ్లు) పాయింట్ తేలేక వాళ్లు బయటే కూర్చుంటున్నారా? మూడింటికీ చేయాల్సిన పని వేరు. ఇది తేలకుండా కార్నర్‌ను మార్చేస్తే వచ్చే పోటీలోనూ అదే స్కోరు.

ఎవరు ఎన్నిసార్లు రైడర్‌ను పట్టారన్న లెక్క ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఒక మ్యాచ్‌లో 5 ట్యాకిల్ పాయింట్లు తెచ్చినవాడికి హై ఫైవ్ అని చప్పట్లు పడతాయి. వాడే 8 సార్లు తప్పు పట్టు వేసి అవుటై ఉంటే స్కోరు బోర్డు ఆ సంగతి చెప్పదు. డిఫెన్స్‌ను కొలవాల్సింది కూతల లెక్కన: ఎదుటివాడు కూతకు వచ్చిన ప్రతిసారీ మనం ఎంత ఇచ్చాం, ఎంత తీసుకున్నాం, ఆ క్షణాన మ్యాట్ మీద ఎంతమంది ఉన్నాం. మనుషుల్ని కొలవాల్సింది జతలుగా: కార్నర్‌తో పాటు వాడి పక్క కవర్.

ముందు వీడియో

మ్యాచ్ చూస్తూ రాసుకుంటే బంతి లేని ఈ ఆటలో కన్ను ఎప్పుడూ రైడర్ మీదే ఉంటుంది, చైన్ (చేతులు పట్టుకుని నిలబడే డిఫెండర్లు) మీద ఉండదు. కాబట్టి వీడియో తప్పదు. ఫోన్ చాలు, పెట్టే చోటే ముఖ్యం. పక్క లాబీ (కోర్టు అంచున ఉండే పక్క పట్టీ) వైపు నుంచి తీస్తే దగ్గరున్న కార్నర్ మిగతా అందరికీ అడ్డం వస్తాడు. మన ఎండ్ లైన్ వెనక, కోర్టు మధ్యకు ఎదురుగా, 3-4 మీటర్ల ఎత్తులో పెట్టాలి. బడి మొదటి అంతస్తు వరండా, గ్యాలరీ మెట్లు, ఏదీ లేకపోతే ట్రాక్టర్ ట్రాలీ మీద స్టాండు. 10 మీటర్ల వెడల్పంతా ఫ్రేములో పడాలంటే మామూలు లెన్స్‌తో 8 మీటర్లు వెనక్కి పోవాలి. అంత జాగా లేకుంటే వైడ్ లెన్స్ వాడండి. సెకనుకు 60 ఫ్రేములు పెడితే టో టచ్ (రైడర్ కాలి వేలితో తాకడం) స్పష్టంగా తెలుస్తుంది. ఫ్లడ్‌లైట్లు మసకగా ఉన్న చోట మాత్రం 60లో బొమ్మ నల్లబడుతుంది, అక్కడ 30 మేలు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి గనుక 5 నిమిషాల విరామంలో ఫోన్‌ను రెండో చివరకు తీసుకుపోయే మనిషిని ముందే చెప్పి పెట్టుకోండి. ఇది మరచిపోతే రెండో సగమంతా మనవాళ్ల ముఖాలు కనిపిస్తాయి గానీ కాళ్ల వరస కనిపించదు.

ఒక్క మ్యాచ్ చాలదు. 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, కూతకు 30 సెకన్లు. ఆ లెక్కన ఒక మ్యాచ్‌లో మన డిఫెన్స్ ఎదుర్కొనేది సుమారు 40 కూతలు. 3 మ్యాచ్‌లు, అంటే 120 కూతలు చేతిలో ఉంటే మాట్లాడొచ్చు. మట్టి కోర్టు మ్యాచ్‌లనూ మ్యాట్ మ్యాచ్‌లనూ కలపకండి, వేర్వేరు పుస్తకాలు పెట్టండి. మట్టి మీద రైడర్ కాలు కొద్దిగా జారుతుంది, మ్యాట్ మీద బూటు గట్టిగా పట్టుకుని వాడు అక్కడికక్కడే తిరిగిపోతాడు. మన పల్లెల్లో మట్టి మీద పెరిగిన కార్నర్లు మ్యాట్ మీద రెప్పపాటు ఆలస్యంగా చేరడానికి చాలావరకు కారణం ఇదే. మోచేతులు, మోకాళ్లు చీరుకుపోతాయన్న భయంతో మట్టి మీద దూకి కాలు పట్టే అలవాటు తగ్గిపోవడం ఇంకో కారణం.

పుస్తకంలో ఏం రాయాలి

ఒక్కో కూతకు ఒక్కో వరుస. కూత నెంబరు, ఆట సమయం, మ్యాట్ మీద మనవాళ్లు ఎంతమంది, రైడర్ ఎవరు, అది వాళ్లకు డూ ఆర్ డై కూతా (పాయింట్ తేకపోతే రైడర్ అవుటయ్యే కూత) కాదా. తర్వాత మొదట పట్టు వేసింది ఎవరు, ఏ పట్టు (యాంకిల్ అంటే చీలమండ, థై అంటే తొడ, బ్యాక్ అంటే వెనక నుంచి, బ్లాక్ అంటే దారికి అడ్డం, డ్యాష్ అంటే భుజంతో గుద్దడం), ఎక్కడ వేశాడు, సపోర్ట్‌కు ఎవరొచ్చారు, ఎంత ఆలస్యంగా. చివర మనం ఇచ్చిన పాయింట్లు, తీసుకున్న పాయింట్లు, తప్పు గుర్తు. ఆలౌట్‌కు (మనవాళ్లంతా అవుటైతే) పోయే 2 అదనపు పాయింట్లను వేరే గడిలో వేయండి. వాటిని ఆఖరి కూత మీద వేస్తే అప్పుడు మ్యాట్ మీద ఒంటరిగా మిగిలినవాడు ఊరికే బలైపోతాడు.

"ఎక్కడ వేశాడు" అన్న గడికి కోర్టు గీతలే కొలబద్ద. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మిడ్ లైన్ నుంచి బాక్ లైన్ (కూతలో రైడర్ దాటాల్సిన గీత) 3.75 మీటర్లు, బోనస్ లైన్ (దాటితే బోనస్ పాయింట్ దొరికే గీత) 4.75, ఎండ్ లైన్ 6.5. అమ్మాయిల కోర్టు 12 మీటర్లకు 8, బాక్ లైన్ 3 మీటర్ల దగ్గర, బోనస్ లైన్ 4 దగ్గర. బాక్ లైన్‌కు ముందు అయితే 1, బాక్‌కు బోనస్‌కు మధ్య అయితే 2, బోనస్ దాటాక అయితే 3 అని రాయండి.

ఈ అంకె ఎందుకంటే, మడమ దగ్గర పట్టుబడిన రైడర్ బోర్లా పడి చెయ్యి చాస్తే రెండు మీటర్లకు పైగా అందుతాడు. బోనస్ లైన్ మీద కాలు పట్టుబడితే, చెయ్యి మిడ్ లైన్ చేరాలంటే వాడు ఇంకా రెండున్నర మీటర్లు ఈడ్చుకుపోవాలి, ఈలోగా మిగతావాళ్లు మీద పడిపోతారు. అదే కాలును 3 మీటర్ల దగ్గర పడితే మీటరు లోపే పని. పట్టు గట్టిదైనా పాయింట్ పోతుంది. "బలం చాలట్లేదు" అని జిమ్‌కు పంపిన కుర్రాళ్ల వరుసల్లో 1 అంకెలు ఎక్కువుంటే, లోపం కండలో లేదు, పట్టు వేసిన చోటులో ఉంది.

మ్యాట్ మీద ఎంతమంది అన్నదే అసలు గడి

120 వరుసలు నిండాక వాటిని మూడు కుప్పలుగా విడదీయండి: 7 లేదా 6 మంది ఉన్నవి, 5 లేదా 4 మంది ఉన్నవి, 3 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవి. 6 లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటేనే ఎదుటివాడికి బోనస్ దొరుకుతుంది. 3 లేదా తక్కువ ఉండి పడితే మనకు సూపర్ ట్యాకిల్, 2 పాయింట్లు. మధ్య కుప్పలో ఇదీ లేదు, అదీ లేదు.

ఒక లెక్క అనుకుందాం. 40 కూతల్లో, 7-6 మంది ఉన్నప్పుడు 16 కూతలు: 6 ఇచ్చాం, 4 తెచ్చుకున్నాం. 5-4 మంది ఉన్నప్పుడు 14 కూతలు: 9 ఇచ్చాం, 2 తెచ్చుకున్నాం. 3 లోపు ఉన్నప్పుడు 10 కూతలు: 6 ఇచ్చాం, 3 సూపర్ ట్యాకిల్స్‌తో 6 తెచ్చుకున్నాం. మొత్తం 9 పట్లు, 12 పాయింట్లు. పేపర్లో చూస్తే డిఫెన్స్ పరవాలేదనిపిస్తుంది. నష్టం 9 పాయింట్లు, అందులో 7 మధ్య కుప్పలోనే పోయాయి. ఈ జట్టు పట్టు నేర్పే సాధన చేయనక్కర్లేదు. 5 మందితో, 4 మందితో నిలబడడం నేర్చుకోవాలి.

ఎందుకలా జరుగుతుందో వెడల్పు చెబుతుంది. తాకుడు జరిగేదాకా లాబీలు లేనట్టే, మిగిలేది 8 మీటర్లు. 7 మంది ఉంటే మనిషికి 1.1 మీటరు, 5గురికి 1.6, నలుగురికి 2 మీటర్లు. చేతులు పట్టుకుని 2-3-2గా (ఎడమన ఇద్దరు, మధ్యలో ముగ్గురు, కుడిన ఇద్దరు) నిలబడే అలవాటున్న జట్టులో ఇద్దరు తగ్గగానే మధ్య చైన్ మాయమవుతుంది. అయినా కార్నర్లు 7గురు ఉన్నప్పటి చోటే నిలబడతారు, రైడర్ మధ్యలోంచి రన్నింగ్ హ్యాండ్ టచ్‌తో (పరుగెడుతూ చేత్తో తాకి) కవర్‌ను తీసుకుపోతాడు. అప్పుడు నలుగురూ లోపలికి దగ్గరవ్వాలి, వెడల్పు కొంత రైడర్‌కు వదిలేయాలి. వాడు ఖాళీగా తిరిగి వెళ్తే నష్టం లేదు కదా!

తప్పుకు పేరు పెట్టడం

పాయింట్ ఇచ్చిన ప్రతి కూతనూ వెనక్కి తిప్పి మూడుసార్లు చూడాలి. మొదటిసారి తాకిన చోటు, రెండోసారి తాకడానికి ముందు రెండు సెకన్లలో మనవాళ్ల కాళ్లు, మూడోసారి పక్కవాడు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే ఆపి కీబోర్డు మీద "ఈ" కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ చూడొచ్చు. ఒక మ్యాచ్‌కు రెండు గంటలు పడుతుంది, ఆ ఓపిక లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

గుర్తులు ఒక్క అక్షరంతో పెట్టుకోండి. "ము" అంటే ముందే దూకాడు. రైడర్ బాక్ లైన్ దాటకుండా, ఎవరినీ తాకకుండా తిరిగిపోతే వాడే అవుట్. అలాంటివాడి మీదకు ఎదురెళ్లి దూకడమంటే చేజేతులా పాయింట్ ఇవ్వడమే. ఓడుతున్న జట్లలో ఈ గుర్తే ఎక్కువ కనిపిస్తుంది, అదీ డూ ఆర్ డై కూతల్లో. వరుసగా రెండు ఖాళీ కూతలయ్యాక మూడోదాంట్లో పాయింట్ తేకపోతే రైడర్ అవుటవుతాడు, మనకు పాయింట్ వస్తుంది. తొందర వాడికే ఉండాలి. కానీ మన కుర్రాళ్లు పాయింట్ కళ్లముందు కనిపించేసరికి వాడికన్నా ముందు కదిలిపోతారు. డూ ఆర్ డై కూతలన్నీ విడిగా ఒక కాగితం మీద ఎక్కించండి. వాటిలో సగానికి పైగా "ము" ఉంటే సాధన పట్టు మీద కాదు, 30 సెకన్లు గీత దగ్గర ఆగడం మీద.

"ఒం" అంటే ఒంటరి పట్టు. కార్నర్ కాలు దొరకబుచ్చుకున్నాడు, కవర్ రాలేదు. "నేను కాలు పట్టినా అన్నా, వాడు రాలేదు" అని కార్నర్, "వాడు చెప్పకుండా దూకినాడు" అని కవర్. వీడియోలో ఫ్రేములు లెక్కపెడితే తగువు తీరిపోతుంది. 60 ఫ్రేముల వీడియోలో పట్టు పడిన క్షణం నుంచి కవర్ చెయ్యి రైడర్ మీద పడేదాకా 30 ఫ్రేముల లోపుంటే, అంటే అర సెకను, అది సపోర్ట్. 60 దాటితే రానట్టే. ఇంకా చెడ్డది సగం సపోర్ట్: కవర్ వచ్చి వేలు తగిలించి తప్పుకుంటాడు, రైడర్ తప్పించుకుంటాడు, తాకిన అందరూ అవుట్. ఒక్క పాయింట్‌తో పోయే కూత మూడు పాయింట్ల సూపర్ రైడ్ అయ్యేది ఇలాగే. సగం సపోర్ట్‌కు ఆ కవర్ పేరు పక్కన ప్రత్యేకంగా గీత పెట్టండి.

"తె" అంటే చైన్ తెగింది. చేతులు ఎందుకు విడిపోయాయో చూడండి. ఎక్కువసార్లు రైడర్ దిశ మార్చినప్పుడు చైన్‌లో ఒకడు వెనక్కి, ఇంకొకడు పక్కకు కదులుతాడు. ఫోన్‌లో శబ్దం కూడా వినండి. రైడర్ వెనక్కాలు కవర్‌కు బాగా కనిపిస్తుంది, వాడు అరిచి చెప్పాలి. గెలిచే జట్టు డిఫెన్స్‌లో కేకలు ఆగవు. మన వీడియోలో మొదటి పది నిమిషాలు మాటలుండి ఆలౌట్ తర్వాత నిశ్శబ్దమైపోతే, ఆ నిమిషం నుంచి "తె" గుర్తులు పెరిగాయో లేదో సరిచూడండి.

"గీ" అంటే తాకకముందే లాబీలోకో ఎండ్ లైన్ బయటికో కాలు పెట్టాడు. ఎండ్ లైన్ దగ్గర ఎక్కువైతే కార్నర్ మరీ లోతుగా నిలబడుతున్నాడని అర్థం. "ని" అంటే నిలబడి చూస్తూ టచ్ ఇచ్చాడు, సాధారణంగా ఆట చివరి 5 నిమిషాల్లో వస్తుంది. "రై" అంటే రైడర్ గొప్పతనం, మనవాళ్లు చేయాల్సిందంతా చేశారు. ఈ గుర్తు పెట్టడానికి సిగ్గుపడకండి. మంచి డుబ్కీకి (డిఫెండర్ల చేతుల కిందుగా వంగి జారిపోవడం) కవర్‌ను తిట్టడం అన్యాయం.

బోనస్‌ను వేరుగా చూడాలి. బోనస్‌కు వాళ్లకు పాయింట్ వస్తుంది గానీ మనవాడెవడూ అవుట్ కాడు, వాళ్లవాడెవడూ తిరిగి లోపలికి రాడు. టచ్ అంత నష్టం కాదు. చూడాల్సింది ఒకటే: రైడర్ ముందుకాలు గీత దాటి వెనక్కాలు గాల్లో ఉన్న క్షణాన కార్నర్ ఎక్కడున్నాడు? అప్పుడు రైడర్ ఒంటికాలి మీద ఉంటాడు, యాంకిల్ హోల్డ్‌కు అంతకన్నా మంచి సమయం దొరకదు. ఇరాన్ డిఫెండర్ ఫజల్ అత్రాచలి లెఫ్ట్ కార్నర్‌లో ఆడిన ప్రో కబడ్డీ మ్యాచ్‌లు పెట్టి, రైడర్‌ను వదిలేసి అతడి కాళ్లను మాత్రమే చూడమనండి. పట్టుకన్నా ముందు ఎంతసేపు ఆగుతాడో కుర్రాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

జతల పట్టిక

తప్పుల గుర్తులయ్యాక లెఫ్ట్ కార్నర్-లెఫ్ట్ కవర్, రైట్ కార్నర్-రైట్ కవర్ అని రెండు పట్టికలు వేయండి. ఇద్దరూ కలిసి మ్యాట్ మీదున్న కూతలు, వాళ్ల వైపు జరిగిన దాడులు, ఇచ్చినవి, తెచ్చినవి. అదే కార్నర్ వేరే కవర్‌తో ఉన్నప్పటి లెక్క పక్కన పెట్టండి. 25-30 కూతలు కలిసి ఆడని జత గురించి తీర్పు ఇవ్వొద్దు. ఒక కవర్‌తో బాగా నష్టపోయి ఇంకొకడితో సరిపోయిన కార్నర్ చెడ్డ కార్నర్ కాడు. ఇద్దరు కవర్లతోనూ "ఒం" గుర్తులే వస్తుంటే మాత్రం వాడు కన్నుతో సైగ చేయకుండా దూకుతున్నాడు.

పట్టు ఒకే వైపు జారుతుంటే ఒంటిని చూడండి. బొటనవేలికి టేపు చుట్టుకుని ఆడేవాడికి యాంకిల్ హోల్డ్ బిగియదు, భుజం నొప్పి ఉన్నవాడు డ్యాష్‌కు పోడు. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో వాళ్లు నోరు విప్పరు.

రైడర్ల వాటా

అవుటైనవాళ్లు అవుటైన వరుసలోనే తిరిగి వస్తారు, మనం తెచ్చే ఒక్కో టచ్ లేదా పట్టు పాయింట్‌కు ఒక్కరు. బోనస్‌కు ఎవరూ రారు, సూపర్ ట్యాకిల్ అదనపు పాయింట్‌కూ రారు. అంటే మన రైడర్లు బోనస్‌ల మీదే బతుకుతుంటే స్కోరు కదులుతుంది గానీ కార్నర్ బెంచీ మీదే ఉంటాడు. 120 కూతల్లో ఇద్దరు అసలు కార్నర్లూ కలిసి మ్యాట్ మీదున్నవి ఎన్నో లెక్కపెట్టండి. సగం కూడా లేకపోతే, వాళ్లున్నప్పటి లెక్కనూ లేనప్పటి లెక్కనూ విడదీయండి. ఉన్నప్పుడు నష్టం తక్కువగా ఉంటే ఓటమికి కారణం డిఫెన్స్ కాదు, రైడింగ్. ఇది చెప్పడానికి చాలామంది కోచ్‌లు వెనకాడతారు, ఎందుకంటే ఊళ్లో పేరున్నది రైడర్‌కే.

ఎదుటి జట్టునూ గమనించాలి. వాళ్ల ప్రధాన రైడర్ కూతలను వేరు చేసి చూస్తే మిగతావాళ్ల మీద మన డిఫెన్స్ ఎలా ఉందో తెలుస్తుంది. రెండో, మూడో రైడర్లకు కూడా పాయింట్లు పోతుంటేనే అది మన జబ్బు.

మైదానంలో సరిచూసుకోవడం

పుస్తకం చెప్పింది నిజమో కాదో రెండు సాయంత్రాల్లో తేల్చొచ్చు. కార్నర్ ముందు 20 బోనస్ ప్రయత్నాలు చేయించండి. రైడర్ వాటిలో కొన్నిసార్లు ఉత్త ఎర వేయాలి, ఎప్పుడన్నది కార్నర్‌కు తెలియకూడదు. ఎన్ని పట్టాడన్నదానికన్నా ఎన్ని ఎరలకు కదిలాడో రాయండి. కవర్లకు 10 యాంకిల్ హోల్డ్‌ల మీద సపోర్ట్, పక్క నుంచి 60 ఫ్రేములతో వీడియో తీసి అర సెకను లెక్క చూడండి. చైన్‌కు 30 సెకన్ల చొప్పున 6 కూతలు, ఈల వేసినప్పుడల్లా రైడర్ దిశ మారుస్తాడు, పట్టు వేయకూడదు. చెయ్యి ఎవరిది ముందు విడిపోతుందో చూడండి. ఆఖర్న 5గురు, నలుగురు డిఫెండర్లతో 15 కూతల చొప్పున.

ఒకటే జాగ్రత్త, అలుపు లెక్క. పలమనేరు, కుప్పం వైపు చల్లటి సాయంత్రం తీసిన ఫలితాన్ని శ్రీకాళహస్తి ఎండకాలం ఉక్కలో ఆడిన మ్యాచ్ చివరి 5 నిమిషాలతో పోల్చకండి. అక్కడ "ని" గుర్తులు పెరిగితే ముందు నీళ్లు, సబ్‌స్టిట్యూట్లు చూడాలి. బెంచీ మీద 5గురు ఉన్నా ఆఖరిదాకా ఒక్కరినీ మార్చని జట్లే ఎక్కువ.

కుర్రాళ్లకు చెప్పేటప్పుడు అందరినీ కూర్చోబెట్టి తప్పులన్నీ వేసి చూపించొద్దు. జతను పిలిచి మూడే క్లిప్పులు చూపించండి: ఒకటి వాళ్లు బాగా పట్టింది, రెండు ఒకే రకం తప్పు జరిగినవి. "ఏం కనిపిస్తా ఉంది నాయనా?" అని ముందు వాళ్లనే అడగండి. పెద్దోడు ముందు మాట్లాడితే చిన్నోడు నోరు మూసుకుంటాడు, అందుకని వయసులో చిన్నవాడితో మొదలుపెట్టించండి.

మార్పు ఒకేసారి ఒకటి, మహా అయితే రెండు. మధ్య కుప్పలో నష్టమైతే నిలబడే వరసను మార్చండి, మనుషుల్ని కాదు. "ఒం" ఎక్కువైతే కవర్‌ను మార్చి చూడండి, కార్నర్‌ను కదపొద్దు. "ము" ఎక్కువైన కార్నర్‌ను మాత్రం రెండు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చోబెట్టి, ఎదుటి రైడర్ల డూ ఆర్ డై కూతలు అతడి చేతే పుస్తకంలో రాయించండి. తర్వాతి 3 మ్యాచ్‌లకు అదే పుస్తకం, అవే గడులు, అవే గుర్తులు. పోల్చాల్సింది 5-4 కుప్పలో కూతకు పోయిన పాయింట్లు, డూ ఆర్ డై కూతల్లో వచ్చిన "ము"లు, కవర్ సపోర్ట్ ఫ్రేములు. గెలిచారా ఓడారా అన్నది మొదటి రెండు మ్యాచ్‌లకు పక్కన పెట్టండి. కొత్త వరసలో నిలబడే అలవాటు పడేదాకా కొన్ని టచ్‌లు ఎటూ పోతాయి.